దత్తత పోయిన ఎద్దు

హాతీరాం ట్రాలీ ఆటోను తండాలోకి తోలుకొచ్చి, ఇంజన్ కూడా ఆపకుండా అక్కను కేకేశాడు. "అక్కా, ధోళ్యా బతికే ఉంది! నా కండ్లతోని జూసిన."

గోరి చేతిలోని చాట కింద పెట్టేసింది. ధోళ్యా ఆమె పెంచిన తెల్ల ఎద్దు. నిరుడు ఎండాకాలం అడవి అంచున మేస్తుంటే ఎవరో తోలుకుపోయారు. గోరి, ఆమె భర్త కిషన్‌లాల్ ఏన్కూరు చుట్టుపక్కల సంతలన్నీ గాలించి చివరికి ఆశ వదులుకున్నారు. భద్రాచలం రోడ్డులో అడవిని ఆనుకుని ఉన్న జంతు సంరక్షణ కేంద్రానికి ఎండుగడ్డి లోడు వేసుకుపోయిన హాతీరాంకు ఇన్నాళ్లకు అది కంచె వెనక కనబడింది.

మర్నాడే మొగుడూ పెళ్లాలు బయలుదేరారు. కంచె దగ్గర నిలబడి గోరి, "ధోళ్యా, ఆవ్, ఆవ్" అని తమ భాషలో రమ్మని పిలిచిందో లేదో, దూరంగా నీడన ఉన్న ఎద్దు తల ఎత్తింది. వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె భుజాన్ని మూతితో నెట్టింది. గోరి దాని గంగడోలు పట్టుకుని ఏడ్చేసింది.

కేంద్రం చూసుకునే ప్రమీల అదంతా చూస్తూనే ఉంది. "మీదే అమ్మా. నాకేం అనుమానం లేదు" అంది. "కానీ ఇచ్చి పంపుడు నా చేతుల లేదు. లారీల కుక్కి తీసుకపోతుంటే పోలీసులు పట్టుకున్నరు. అప్పటికే కాలు విరిగింది. కోర్టు మాకు అప్పజెప్పింది. ఇక్కడికొచ్చిన జీవాన్ని మళ్ల బయటికి పంపరు. ఉన్నన్నాళ్లు ఇక్కడనే."

"నాది అని మీరే అంటున్రు గద మేడం!"

"అవ్. అయినా గంతే."

నీది కాదు పొమ్మంటే పోట్లాడొచ్చు. నమ్మి మరీ ఇవ్వనంటే ఏం చేయాలో గోరికి తోచలేదు. పోలీస్ స్టేషన్‌కు పోతే, కేంద్రాన్నే అడగమన్నారు. కేంద్రంలో అడిగితే, హైదరాబాద్ ఆఫీసు చెప్పాలన్నారు. ఆ ఆఫీసుకు ప్రమీలే ఫోన్ కలిపి ఇస్తే, అవతలి మనిషి గోరిని మాట పూర్తి చేయనివ్వకుండా, "మళ్లీ కాడి కట్టరని గ్యారంటీ ఏందమ్మా? రూల్ రూలే" అని పెట్టేశాడు.

"కుంటెద్దుకు కాడి ఎవడు కడతడు?" అని గోరి ఆగిపోయిన ఫోన్ మీదే అరిచింది.

కిషన్‌లాల్ మెత్తబడ్డాడు. "ఈడ రేకుల షెడ్డుంది, డాక్టర్ వస్తడు, కడుపునిండ మేత. మనింటికి తీసుకపోయి ఏం సుఖపెడతం చెప్పు?" అన్నాడు. అందులో తప్పు వెతకడానికి ఏమీ దొరక్కపోవడంతో గోరికి ఇంకా ఒళ్లు మండింది.

ఆ తర్వాత సందర్శకులను రానిచ్చే ఆదివారాల్లో ఆమె ఒక్కతే కొత్తగూడెంలో బస్సు మారి వెళ్లేది. తెచ్చిన పచ్చజొన్న కట్టను గేటు దగ్గర వాచ్‌మన్ తీసి పక్కన పడేసేవాడు. బయటి మేత పెట్టకూడదట. కంచె లోపలికి పోవడానికీ లేదు. ఆ హక్కు దత్తత తీసుకున్నవాళ్లకే.

"దత్తతేంది?" అని గోరి ప్రమీలను అడిగింది.

"ఒక్కో జంతువు ఖర్చు ఒక్కో కుటుంబం భరిస్తది. మీ ఎద్దును హైదరాబాదోళ్లు తీసుకున్నరు. వీర అని పేరు పెట్టిన్రు."

గోరికి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "తల్లి బతికుండంగనే దత్తతా!" అంది.

శ్రావణం మొదట్లో ఆ హైదరాబాదోళ్లు వచ్చారు, ఒక తల్లి, బడికి పోయే వయసు కూతురు. అరటిపళ్లు, బంతిపూల దండ పట్టుకుని లోపలికి వెళ్లారు. "వీరా, వీరా" అని పిల్ల పిలుస్తూనే ఉంది. ఎద్దు మాత్రం కంచెకు ఒరుసుకుని, ఇవతల నిలబడ్డ గోరి చేయి నాకుతోంది. పిల్ల దగ్గరికొస్తే ఇంకో పక్కకు జరిగేది.

తల్లి కంచె దగ్గరికి వచ్చింది. "మీ దగ్గరికి బాగా వస్తోందే! ఏమని పిలవాలండీ దీన్ని? పాప నెలరోజులుగా ఈ రోజు కోసం కలవరిస్తోంది."

పేరు గోరి నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల ముఖం చూసింది. దండ పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉంది. అయినా గోరి, "నాకేం తెల్సమ్మా" అని ముఖం తిప్పుకుంది.

వాళ్లు దండను గుంజకు కట్టి వెళ్లిపోయాక ప్రమీల గోరి దగ్గరికి వచ్చింది. "చెప్పొచ్చు గద గోరీ. చిన్నపిల్ల."

"చెప్ప. అన్నీ వాళ్లకేనా?"

"దాని కాలుకు ఆపరేషన్ చేయించింది వాళ్లే. లేకపోతే అది లేచి నిలబడేది కాదు."

ఈ సంగతి ఇన్నాళ్లూ గోరికి ఎవరూ చెప్పలేదు. "అంటే ఆళ్లను తిట్టుకునెతందుకు గూడ లేదన్నట్టు!" అంది. ఆ మాట ప్రమీల మీద కోపంతో అందో, తన మీదో తెలియదు. పంపు దగ్గర ముఖం కడుక్కుంది. ఎంత కడిగినా ఆ పిల్ల ముఖం కళ్ల ముందు నుంచి పోలేదు. చెప్పాల్సింది అనిపించింది. చెప్పకపోవడమే బాగైంది అని కూడా అనిపించింది.

ఇంటికొచ్చేసరికి కిషన్‌లాల్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఎట్లుంది?" అని అడిగాడు.

"మంచిగనే ఉంది. రేపు నేను హైదరాబాద్ పోతున్న, ఆ ఆఫీసుకు."

"వాళ్లియ్యరే. ఎన్నిసార్లు చెప్పించుకుంటవ్?"

"ఇయ్యకపోతే ఇయ్యం అని నా మొఖం మీద చెప్పాలె. నా ఎద్దు దగ్గరికి నన్ను లోపలికి పోనియ్యరెందుకో గూడ చెప్పాలె. ఫోన్ల గాదు."

గోరి పొయ్యి ముందు కూర్చుని దారిలోకి జొన్నరొట్టెల పిండి పిసకసాగింది. పిండి మీద పిడికిళ్లు పడుతున్న తీరు చూసి కిషన్‌లాల్ మెల్లగా లేచి, "రెండు రొట్టెలేం సరిపోతయ్, నాక్కూడ జెయ్. నువ్వొక్కదానివి ఆ ఊళ్లె ఏడ తిరుగుతవ్" అన్నాడు.

గోరి ఇంకో దోసెడు పిండి తీసి కలిపింది.