బోణి పీసు

సిద్దిపేటల రాంచందర్‌కు బోరు మోటర్ల స్టార్టర్ డబ్బాలు చేసే చిన్న కార్ఖాన ఉన్నది. మనిషి చెడ్డోడు కాదు గని, బోణి పిచ్చి ఒకటున్నది. పొద్దుగాల మొదటి పీసు ఫెయిలైతే ఆ దినమంత దండుగ అంటడు. అందుకే ఆడ ఒక అలవాటు పడ్డది. మొదటి పీసు ఎట్లున్నా పాస్ అనాలె, పచ్చ స్టిక్కర్ అంటియ్యాలె, సంతకం పెట్టి ఎనక బల్ల మీద పెట్టాలె. పగటన్నం తిన్నంక దానికి అసలు పరీక్ష. ఓరి దేవుడా, కరెంటుకు బోణి ఎరుకుంటదా?

ఉండదని సంహితకు తెలుసు. డిప్లొమా చదివిన పిల్ల, పరీక్ష టేబుల్ ఆమెదే. చేరిన కొత్తల "గిదేం పద్ధతి సార్?" అని అడిగింది గూడ. "మల్ల చూస్తనే ఉన్నవ్ గద బిడ్డా, నీదేం పోయింది?" అన్నడాయన. నిజమే, ఏం పోయింది? అడుగుడు బందు చేసింది.

ఆ పొద్దు బోణి పీసుకు, కరెంటు రేకుకు కారుతుందో లేదో చూసే మెగ్గర్ మిషన్ పెట్టంగనే ముల్లు సున్న కాడికి పడ్డది. అంటే లోపల ఏదో తీగ మీది తొడుగు ఊడి, డబ్బ రేకుకు తాకుతున్నది. కరెంటిస్తే డబ్బకు డబ్బే షాక్ కొడ్తది. ముట్టుకున్నోని కాళ్లు తడిమట్టిల ఉన్నయంటే ఇగ చెప్పేదేమున్నది! సంహిత ఎప్పటి లెక్కనే పచ్చ స్టిక్కర్ అంటిచ్చి, దాని మీద పేరు రాసి, ఎనక బల్ల మీద పెట్టి చాయ్‌కి పోయింది. వచ్చి మిగిలిన పీసుల పనిల పడ్డది.

అన్నం తిన్నంక బల్ల దిక్కు తిరిగితే జాగ ఖాళీగున్నది.

"సుశీలక్కా, గీడ బోణి పీసుండె, ఏది?"

ప్యాకింగ్ చేసే సుశీల నవ్వింది. "మీ బాపు పట్కపోయిండు గదనే! నువ్వు చాయ్‌కి పోయినప్పుడు వచ్చిండు. మీ స్టార్టర్ కాలిపోయిందట, యాసంగి నారు ఎండుతుందట. ప్యాకింగ్ పెట్టెల కెళ్లి కొత్తది తీసిస్తా అంటే వద్దన్నడు. మా బిడ్డ పేరున్నది, గిదే ఇయ్యి అన్నడు. నీ పేరును వేలుతోటి తడిమి తడిమి చూసుకున్నడు పాపం."

"అది ఖరాబు పీసక్కా!"

"నాకేమెరుక? బోణి పీసులన్నీ పగటి పరీక్షల పాసే అయితయి గద?"

బాపుకు ఫోన్ కొట్టింది. మోగుతది, ఎత్తడు. పొలం కాడికి పోతే ఫోన్ బండి డిక్కిల పెట్టుడు ఆయనకలవాటు. అమ్మ సుమిత్రమ్మకు చేద్దామంటే ఆమె కోహెడల పెండ్లిల ఉన్నది, డప్పుల మోతల ఆమెకేమినవడ్తది? మల్ల బాపుకు కొట్టింది, మల్ల కొట్టింది. కాలుగాలిన పిల్లి లెక్క టేబుల్ చుట్టు తిరిగి, స్కూటీ తాళంచెవి అందుకున్నది.

"డ్యూటీ ఇడిసి ఎటు పోతున్నవ్?" అని రాంచందర్ గడప కాడ అడ్డమొచ్చిండు.

"మీ బోణి కాడికి!" అని ఆయన్ని తప్పిచ్చుకోని ఉరికింది.

తమ ఊరు నంగునూరు తొవ్వ ఆ దినం ఎంతకూ తెగలేదు. రోడ్డు మీద సగం జాగ వడ్లు ఆరబోసిన్రు. ఎదురుంగ లారీలు, ముంగట గొర్ల మంద. హారన్ మీద కెళ్లి వేలు తియ్యలే. కంట్ల ఒక్కటే మెదులుతున్నది. తడిమట్టిల బాపు వట్టికాళ్లు, డబ్బ మీద బాపు చెయ్యి. ఈపాటికి బిగిచ్చే ఉంటడు. బిగిచ్చినంక ఊకుంటడా, నారు ఎండుతుంటే? నీదేం పోయింది అంటే నోర్మూసుకున్నవ్ గదనే, ఇప్పుడేం పోతుందో చూడు అని తనను తనే తిట్టుకున్నది.

పొలం కాడ స్తంభానికి డబ్బ బిగిచ్చే ఉన్నది, వైర్లు కట్టే ఉన్నయి. కూలికొచ్చిన సాంబయ్య పిక్కల దాక బురదల నిలవడి, డబ్బ మీద చెయ్యాన్చి బీడీ తాగుతుండు. పక్కనే బాపు నర్సింహ మెయిన్ బోర్డు మూత తీస్తుండు.

"మామా, చెయ్యి తియ్యి! బాపూ, ముట్టకు!"

స్కూటీ ఎక్కడ పడ్డదో ఆమెకే ఎరుక లేదు. సాంబయ్య బెదిరి బురదల కూలవడ్డడు. నర్సింహ మాత్రం మొఖమంత నవ్వుకుంట అంగి జేబుల చెయ్యి పెట్టి ఫీజులు తీసి చూపెట్టిండు. అవి బోర్డుల పెడ్తెనే డబ్బకు కరెంటొస్తది.

"వచ్చినవా బిడ్డా? మంచిగైంది. పెట్టు పెట్టు అని ఈ సాంబయ్య బిగిచ్చినప్పటిసంది పాణం తింటుండు. నేనే పెట్టలే. మా బిడ్డ పాస్ జేసిన డబ్బ, బోణి ఆమె చేత్తోనే గావాలె, పొద్దుగూకినంక వచ్చి పచ్చ బటన్ ఒత్తుతది అన్న. బోర్డుల బల్లులు జొర్రినయేమోనని చూస్తున్న. నువ్వే వస్తివి. దా, ఒత్తు."

సంహిత ఒడ్డు మీద కూలవడి ఎక్కెక్కి ఏడ్సింది.

"అది ఫెయిల్ బాపూ."

"నీ పేరున్నది గద దాని మీద?"

"బోణి అని పాస్ రాసిన. తీగ రేకుకు తాకుతున్నది. ముట్టుకుంటే పోతం."

ఆయన తిడ్తడేమో, కొడ్తడేమో అని చూసింది. తిట్టినా మంచిగుండు. నర్సింహ ఒకపారి ఫీజుల దిక్కు, ఒకపారి పచ్చ బటన్ దిక్కు చూసిండు.

"ఒత్తేది నువ్వుంటివి గదనే," అన్నడు. "నా చేతులతోని ఫీజులు పెట్టి, నిన్ను పిలిచి ఒత్తు బిడ్డా అందును గదనే."

పానా తీసుకోని డబ్బ ఇప్పిండు. సాంబయ్య పక్క పొలమోళ్లను బతిమాలి నారుకు నీళ్లు మలిపిచ్చిండు.

తెల్లారి సంహిత ఆ డబ్బను స్కూటీ మీద పెట్టుకోనొచ్చి, అందరి కంటె ముందుగాల టేబుల్ మీద పెట్టింది. మెగ్గర్ పెడ్తె ముల్లు సున్న కాడికి పడ్డది. తన పేరున్న పచ్చ స్టిక్కర్‌ను గోరుతోటి గీకి పారేసింది. ఊదుబత్తులు పట్టుకోనొచ్చిన రాంచందర్, ఆమె చేతుల ఫెయిల్ పీసుకు అంటిచ్చే ఎర్ర స్టిక్కర్ చూసి ఆడనే ఆగిండు.

"బోణి బిడ్డా, బోణి!"

ఎర్ర స్టిక్కర్‌ను గట్టిగ ఒత్తి, దాని మీద పేరు రాసింది.

"బోణి అయింది సార్," అన్నది.