మణికట్టు మీద గొంతు

ముప్పై ఒక్క ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి ఇంట్లో ఊరికే కూర్చుంటాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ అమాయకత్వం. లిఫ్టాయన బాల్కనీలో బల్ల వేసుకుని, దాని మీద మూగబోయిన రేడియోలు, చక్రాలూడిన బొమ్మ కార్లు, ఎవరో పారేసిన కార్డ్‌లెస్ మైకుసెట్టు పరుచుకున్నాడు. బట్టలు ఆరేయడానికి చోటు లేకుండా పోయిందని భార్య రోజూ సణుగుతుంది. చెవులు బాగానే పనిచేస్తున్నా, ఆ ఒక్క మాటా ఆయనకు వినపడదు.

నిజంగా వినపడనిది కోడలికి. పుట్టుకతోనే చెవుడు. కాన్పుకు ముందు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది, ఆమె కన్నుగప్పి ఒక్క తప్పు కూడా పోయేది కాదని అక్కడ పేరు. మామగారు ఆమెతో చేతులతో సైగలు చేసి మాట్లాడతాడు. అత్తగారికి ఆ సైగలు ఎంత నేర్పినా పట్టుబడలేదు, అందుకని ఆవిడకు పలకా సుద్దముక్కే గతి. కొడుకు గూడ్సు రైలు నడుపుతాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప.

నాలుగు నెలల కిందట పాప పుట్టింది. ఆనాటి నుంచీ ఉయ్యాల అత్తగారి గదిలోనే ఉంది. పాప ఏడిస్తే నీకు తెలియదు కదమ్మా, నేను తెచ్చిస్తానుగా అని ఆవిడ పలక మీద రాసింది. అందులో విషం లేదు, ఉన్నది నిజమే. అందుకే కోడలు ఎదురు చెప్పలేకపోయింది. ఆకలేస్తే పాపను తెచ్చి ఒళ్ళో పెడతారు, కడుపు నిండగానే తీసుకుపోతారు. కన్నతల్లి చుట్టపుచూపుగా వచ్చినదానిలా మిగిలిపోయింది.

ఒకరోజు పొద్దున్నే ఆమె బాల్కనీలోకి వచ్చి మామగారి ముందు నిలబడింది. "నా బిడ్డ నా గదిలో ఉండాలి మావయ్యా. ఏదైనా చెయ్యండి," అని చేతులతో అన్నది. ఆ ఇంటికి వచ్చి మూడేళ్ళయినా అంతవరకూ ఆయన్ని ఆమె ఏదీ అడగలేదు.

ఆయన మూడు రోజుల్లో ఒక పట్టీ తయారుచేశాడు. ఉయ్యాల పక్కన చిన్న మైకు, అందులో పడిన శబ్దం ఒక గీత దాటితే కోడలి చేతికున్న పట్టీలో మోటారు గిర్రున తిరిగి వణుకుతుంది. దాటకపోతే ఊరుకుంటుంది. లిఫ్టుల లోకంలో అంతే మరి, తలుపు మూసుకుందా లేదా? మూసుకుంటే కదులు, లేకపోతే ఆగు. మధ్యలో ఇంకో మాట ఉంటే మనుషులు చస్తారు.

మొదటి రోజు కుక్కరు కూతకి పట్టీ వణికింది. తలుపు కొట్టుకుంటే వణికింది. అత్తగారు తుమ్మితే మరీ వణికింది. కోడలు ఆ పూట పద్నాలుగుసార్లు పరుగెత్తింది, పద్నాలుగుసార్లూ పాప హాయిగా నిద్రపోతూ కనిపించింది. దాంతో ఆయన ఆ గీతను కాస్త పైకి జరిపాడు. మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కూరగాయలకు వెళ్ళి వచ్చేసరికి పాప వెక్కి వెక్కి ఏడ్చి, గొంతు బొంగురుపోయి, మొహం కందగడ్డ చేసుకుని ఉంది. పక్క గదిలో కోడలు బట్టలు మడత పెడుతోంది. చేతికి పట్టీ ఉంది, అది కాస్తయినా కదలలేదు. సన్నటి ఏడుపు గీత దాకా రాలేదు మరి.

అత్తగారు అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది ఆయనకు. "బిడ్డతో ఆటలొద్దండీ. ఆదివారం దాకా చూస్తాను, ఆ తర్వాత ఈ సంగతి మళ్ళీ ఎత్తొద్దు," అని మెల్లగా చెప్పి పాపను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

కోడలు పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. ఆయన తల దించుకున్నాడు. బాగుచేసినవాడే ముందు ఎక్కాలన్నది లిఫ్టు పనిలో ఎవరూ రాయని చట్టం. ముప్పై ఒక్క ఏళ్ళలో తను ఎక్కి చూడని లిఫ్టులోకి ఒక్క మనిషినీ ఎక్కనివ్వలేదు. ఇది లిఫ్టు కాదు కదా, చేతి పట్టీయే కదా అనుకుని ఈసారి ఆ పని చెయ్యలేదు. సొంత మనవరాలి దగ్గరికి వచ్చేసరికి బుద్ధి గడ్డి తిన్నది.

వెళ్ళబోయిన కోడలు ఆగి వెనక్కి తిరిగింది. చేతులు నెమ్మదిగా కదిలించింది. "ఏడుస్తోందో లేదో మీ మోటారు తేల్చడమెందుకు మావయ్యా? వచ్చిందంతా నా చేతికి ఇచ్చెయ్యండి. ఏది ఏమిటో నేను తేల్చుకుంటాను."

ఇంత తేలిక సంగతి ఇన్ని రోజులూ ఆయనకు తట్టనేలేదు.

పాత పద్ధతంతా పక్కన పెట్టేశాడు. చెడిపోయిన అలారం గడియారంలో మోగే పల్చటి రేకుబిళ్ళ ఉంటుంది. దానికి కరెంటిస్తే మోగుతుంది, దాన్నే కదిలిస్తే కరెంటు పుట్టిస్తుంది. ఆ బిళ్ళను ఉయ్యాల చెక్కకు అంటించాడు, ఇక వంటింటి గోల కంటే ఆ చెక్కలో పుట్టిన కదలికే దానికి ముందు తెలుస్తుంది. పారేసిన మైకుసెట్టులోంచి రేడియో ముక్క తీసి దానికి కలిపాడు. రెండో చివర ఒక బుల్లి స్పీకరు కాగితం చింపేసి, లోపలి తీగచుట్టకు చొక్కా గుండీ అతికించి, ఆ గుండీ మణికట్టుకు ఆనేలా పాత వాచీ పట్టీకి బిగించాడు.

శనివారం మధ్యాహ్నం దాన్ని తన చేతికే కట్టుకున్నాడు. చెవుల్లో దూది కుక్కుకుని, కళ్ళు మూసుకుని బాల్కనీలో కూర్చున్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత చర్మం మీద ఏదో పాకింది. ఉయ్యాల ఊగుతోంది, అటు వెళ్ళినప్పుడు ఒక రకం, ఇటు వచ్చినప్పుడు ఇంకో రకం. దానిమీద సన్నగా, తెగుతూ అతుకుతూ మరేదో వచ్చింది. పాప కాళ్ళతో చెక్కను తన్నుతోంది. అంతలో చీమలబారు పరుగెత్తినట్టు జలజల మొదలై, పెరిగి, విరిగి, మళ్ళీ పెరిగింది. అది ఏడుపని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఒక పసిప్రాణం గోడ అవతలి నుంచి వచ్చి తన నరాల మీద నడుస్తోంది. చేసింది తనే, ఒక బిళ్ళ, ఒక తీగచుట్ట, ఒక గుండీ, అంతే కదా? మరి ఈ అద్భుతం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు అంతుపట్టలేదు. దూది తీసేశాక కూడా చాలాసేపు ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున పరీక్ష అత్తగారే పెట్టింది. తను ఉయ్యాల దగ్గర ఉంటుంది, కోడలు గోడ అవతల గదిలో తలుపేసుకుని కూర్చుంటుంది. అరగంట సేపు పాప ఏం చేసిందో ఇద్దరూ వేర్వేరుగా కాగితం మీద రాయాలి. తేడా వస్తే కథ కంచికే. పట్టీ కట్టుకుని కోడలు తలుపేసుకోగానే లిఫ్టాయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

అరగంట అయ్యాక కాగితాలు పక్కపక్కన పెట్టారు. కాళ్ళు తన్నడం రెండింటిలోనూ ఉంది. ఎక్కిళ్ళు ఉన్నాయి, అత్తగారు రాసినవి ఏడు, కోడలు రాసినవి తొమ్మిది. ఏడుపు ఉంది. "నవ్వింది, ఏడుపుకీ దీనికీ అసలు పోలికే లేదు," అని రాసి కోడలు దానికింద రెండు గీతలు గీసింది. అక్కడ రాతకు నీళ్ళు తగిలి అలుక్కుపోయింది. అత్తగారు అది చదివి, నిజమే, నేను రాయడం మరిచిపోయాను, ఎక్కిళ్ళు కూడా రెండు నా లెక్కలోనే తప్పి ఉంటాయని ఒప్పుకుంది.

కోడలి కాగితంలో చివర ఇంకో వరుస ఉంది. "పాప కాదు. పెద్ద గొంతు. చాలా మెల్లగా, చాలాసేపు. వణుకుతోంది. అత్తయ్యా, మీరేనా? మూడేళ్ళలో మీ గొంతు ఇదే మొదటిసారి."

ఆవిడ ఆ వరుసను మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఉయ్యాల అంచుమీద గడ్డం ఆనించి మనవరాలితో గుసగుసగా చెప్పుకున్న మాటలు ఎవరికీ వినపడవనుకుంది, వినపడవనే కదా ఆ ధైర్యం. కోడలు పలక తెచ్చి ముందు పెట్టి, "ఏమన్నారు?" అని రాసింది.

అత్తగారు సుద్దముక్క అందుకుంది. వంకర అక్షరాలతో రాసింది. "మీ అమ్మ గదికి వెళ్ళాక నన్ను మరిచిపోకే అన్నాను."

రాసి లేచింది. ఒక పక్క తను పట్టి, రెండో పక్క కోడలిని పట్టమని చెయ్యి చూపించింది. ఆడవాళ్ళిద్దరూ కలిసి ఉయ్యాలను గుమ్మం దాటించారు.