నాలుగో ముక్క

సత్యకుమారి రోజూ ద్రాక్షారామంలో తొలి బస్సెక్కేది. సోమవారమైతే ముందుగా భీమేశ్వరస్వామి దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఆ చెక్క సంచిలో వేసుకుని మరీ ఎక్కేది. బస్సు దిగాక రేవు, రేవు దాటాక మడచెట్ల మధ్య గట్టు మీద అరగంట నడక. జాలర్ల పాలెంలో అడుగుపెట్టగానే ఆడవాళ్లు అరుగుల మీంచి అదే మాట అడిగేవారు.

"ఇయ్యాలైనా మోగుద్దంటారా టీచరుగారూ?"

"చూద్దామమ్మా," అనేదావిడ, తలెత్తకుండా.

వాళ్లడిగేది బడి వసారాలో దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క గురించి. దాన్నెవరూ కొట్టరు. బడి పెట్టడానికీ వదలడానికీ ఓ పాత కంచం, గరిటె ఉన్నాయి. పట్టాముక్క మాత్రం, బళ్లో ఏ బిడ్డకైనా ఒక సంగతి నిజంగా బుర్రకెక్కినప్పుడు, దానంతటదే ఖంగుమని ఒక్కసారి మోగి, ఆ బిడ్డ కూర్చున్న వైపుకి కాసేపు ఊగేది. తాతాజీ మాస్టారి హయాంలో వారానికి నాలుగైదు మోతలు వినపడేవట. వలలు కుట్టుకునే మగవాళ్లు సూది ఆపి, "ఎవరి పిల్లోడ్రా?" అనుకుని మళ్లీ కుట్టుకునేవారు. ఎవరి కోసం మోగిందో ఆ బిడ్డని ఏడాదిపాటు పనికి పంపకూడదు. ఆ పూట పంతులుగారు ఆ ఇంట్లో భోంచెయ్యాలి. అమ్మోరి మొక్కు ఎలాగో ఇదీ అలాగే. ఎప్పుడు పుట్టిన కట్టడో అడిగినవాళ్లు లేరు.

తొంభై ఆరు తుఫానుకి బడి పైకప్పు లేచిపోయింది. వేటకెళ్లిన పదకొండు పడవల్లో మూడే తిరిగొచ్చాయి. పట్టాముక్క మటుకు దూలాన్ని పట్టుకుని అలాగే ఉంది. కానీ ఆ తర్వాత మోగలేదు. తాతాజీ మాస్టారు రిటైరైపోయారు. ఆయన స్థానంలో సత్యకుమారి వచ్చి రెండేళ్లు దాటింది.

పాఠం చెప్పడంలో ఆవిడ లోటు చెయ్యలేదు. చింతపిక్కలు తెచ్చింది, చార్టులు గీసింది, గొంతు పోయేదాకా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, "అర్థమైందా?" అని అడిగేది. ముప్ఫై రెండు గొంతులూ ఒక్కటై, "ఆయ్!" అనేవి. ఆవిడ చూపు వసారా వైపు పోయేది. ఇనుము కదిలేది కాదు.

ఒకసారైతే తట్టుకోలేక, పిల్లలంతా ఇళ్లకెళ్లాక, రాయి తీసుకుని తనే దాన్ని కొట్టింది. పాలెమంతా బయటికొచ్చింది. కొట్టిన మోతకీ మోగిన మోతకీ తేడా వాళ్లకి తెలుసు. ఒక్కొక్కరే లోపలికెళ్లిపోయారు. ఆ రోజు రేవు దాటుతుంటే ఆవిడకి నీళ్లలో తన మొహం చూసుకోవాలంటే భయమేసింది.

ఆ శుక్రవారం చిట్టెమ్మ బడికొచ్చింది. రాని పడవల్లో ఒకదాని మీద ఆవిడ మొగుడున్నాడు. అప్పట్నించి రొయ్యల షెడ్డుకి పోతోంది. గుమ్మం దాటకుండా, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"సోమారం నించి పాపాయిని షెడ్డుకి తీసుకెళ్తానండి. తలకాయలు తియ్యడానికి చిన్నచేతులే బాగుంటన్నాయంట. షెడ్డు యాను తోలే బుల్లబ్బాయి మూడుసార్లడిగేడు."

"నాలుగో తరగతి పిల్లమ్మా అది! ఈ ఒక్క ఏడూ..."

"మోగితే పంపనండి. అమ్మోరి మీద ఒట్టు. మోగందే?" చిట్టెమ్మ గొంతు మెత్తబడింది. "మీ తప్పని గాదండి. మా పిల్లల బుర్రలికే ఉప్పునీరు పట్టేసిందేమో."

తిట్టినా బాగుండేది. ఆ మాట సత్యకుమారి గుండెలో రెండు రోజులు గుచ్చుకుంటూనే ఉంది.

సోమవారం స్వామి దగ్గర ఆవిడ ఏమీ అడగలేకపోయింది. చేతులు జోడించి ఊరికే నిలబడి వచ్చేసింది. బడికొచ్చేసరికి పాపాయి పుస్తకాలన్నీ దొంతర పెట్టి బల్ల మీదుంచింది, తిరిగిచ్చెయ్యడానికి. యాను పదకొండింటికొస్తుంది. అంతదాకా కూర్చోమంది సత్యకుమారి.

బోర్డు మీద రెండు ఆపిల్ పళ్లు గీసింది. ఒకటి మూడు ముక్కలు, ఒకటి నాలుగు ముక్కలు.

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?"

"నాలుగో వంతండీ!"

"కాదు. మూడో వంతే పెద్దది." మళ్లీ మొదట్నించీ చెప్పింది. చెప్పి, అలవాటు చొప్పున అడిగింది. "అర్థమైందా?"

"ఆయ్!"

"అవలేదండి," అంది పాపాయి.

పక్కనున్న బేబీ దాని తొడ మీద గిల్లింది. "టీచరుగారినలా అంటావేంటే? కళ్లు పోతాయ్!"

"నేనెలాగూ ఎల్లిపోతన్నాగా," అంది పాపాయి, తొడ రుద్దుకుంటూ. "అవలేదండి. నాకెప్పుడూ అవలేదండి. ఈళ్లకీ అవదండి."

సత్యకుమారి చేతిలో సుద్ద ముక్క ఆగిపోయింది. "మరి ఆయ్ అంటారేంటి?"

"మీరు బస్సెక్కి, రేవు దాటి అంత దూరం నించి వస్తారు గదండి. అవలేదంటే బాధపడి మానేత్తారని, మీరు గానీ మానేత్తే ఈ పాలేనికి ఇంకెవరూ రారని... అనొద్దని అందరి అమ్మలూ చెప్పేరండి."

ఆవిడ పిల్లలందరి వైపూ చూసింది. ముప్ఫై ఒక్క తలలూ ఒక్కొక్కటే దిగిపోయాయి. రెండేళ్ల మర్యాద. రెండేళ్లుగా తన మీద పెట్టుకున్న జాలి. గోడ పట్టుకుని, మెల్లగా వాళ్ల ముందే నేల మీద కూర్చుండిపోయింది. కోపమొస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. తనూ చిన్నప్పుడు తన మాస్టారి మొహం చూసి ఎన్నిసార్లు తలూపలేదు?

"ఏది అవలేదో చెప్పు తల్లీ. భయం లేదు."

"ఆపిల్ కాయ మేమెప్పుడూ కొయ్యలేదండి."

"మరి మీ ఇంట్లో ఏం కోస్తారు?"

"కొయ్యింగ చేపండి."

సత్యకుమారి పలక తీసుకుని చేప గీసి ఇచ్చింది. ఏదో తోక, ఏదో తల. పిల్లలు కిసుక్కున నవ్వారు. "అది బొమ్మిడాయిలాగుందండీ!" అన్నాడెవడో వెనకనించి. రెండేళ్లలో వాళ్లు నవ్వుతూ ఆవిడ పనికి వంక పెట్టడం అదే మొదలు.

"సరే, కొయ్యింగే అనుకోండి. మీ అమ్మ ఎన్ని ముక్కలు కోస్తుంది పాపాయీ?"

"నాలుగండి."

అమ్మ, పాపాయి, తమ్ముడు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురేనని సత్యకుమారికి తెలుసు. నాలుగోది వేటకెళ్లి రాని తండ్రిదని తట్టి నాలిక కరుచుకుంది. బయట యాను వచ్చి హారన్ కొట్టింది. కిటికీ ఊచల అవతల చిట్టెమ్మ వచ్చి నిలబడింది, చేతిలో కూతురి కోసం తెచ్చిన చిన్న రబ్బరు చేతితొడుగులు.

పాపాయి ఎవర్నీ చూడలేదు. పలక మీది చేపకి మూడు గీతలు గీసింది. నాలుగు ముక్కలు. దాన్ని అరచేత్తో తుడిచి, ఈసారి రెండు గీతలు గీసింది. మూడు ముక్కలు. చాలాసేపు చూసింది.

"మూడే కోస్తే ఒక్కోటీ పెద్దదవుద్దండి," అంది. ఆ తర్వాత, ఇంకా మెల్లగా, "మాయమ్మకి ఈ లెక్క తెలుసండి. తెలిసే కొయ్యదండి."

ఖంగ్!

వసారాలో పట్టాముక్క ఒక్కసారి మోగి, పాపాయి వైపుకి ఊగుతూ ఉండిపోయింది. రెండేళ్ల తుప్పు పొడిపొడిగా రాలింది.

బుల్లబ్బాయి ఇంజనాపేసి దిగాడు. తలపాగా తీసి భుజం మీదేసుకున్నాడు. "చిట్టెమ్మత్తా, నీ పిల్లే," అన్నాడు. యానెక్కి వెళ్లిపోయాడు.

చిట్టెమ్మ సంతోషించలేదు. కిటికీ కింద గోడకానుకుని కూలబడి, "ఎలా బతికేదే తల్లీ, ఎలా బతికేదే," అని ఏడ్చింది. సత్యకుమారి వెళ్లి పక్కన కూర్చుంది. కాసేపటికి చిట్టెమ్మ ముక్కు తుడుచుకుంది. "రెండు షిఫ్టులు చేస్తాన్లెండి," అంది. చేతితొడుగులు మడిచి రొంటిన దోపుకుంది. "మజ్జానం మా ఇంటికి బోజనానికి రావాలండి."

పాక చిన్నది. నాలుగు సొట్టల కంచాలు వేసి ఉన్నాయి, రోజూలాగే. నాలుగోది గుమ్మం పక్కన, సముద్రం వైపుకి. అందులో ముక్క రోజూ సాయంత్రం దాకా ఉండేది, ఆ తర్వాత కాలవలో కలిపేసేవారు. ఈ మాట పాపాయి తమ్ముడు చెప్పాడు, ఎవరూ అడక్కుండానే.

చిట్టెమ్మ కొయ్యింగని నాలుగు ముక్కలే కోసింది. పులుసు ఉడికాక మూడు కంచాల్లో మూడు వేసింది. నాలుగోది గరిటెలో పట్టుకుని గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. అప్పుడు ఆ కంచాన్ని లోపలికి జరిపి, సత్యకుమారి ముందు పెట్టి, అందులో వేసింది.

సోమవారం ఆవిడ నీచు ముట్టదు. స్వామికి తర్వాత చెప్పుకోవచ్చనుకుంది. కళ్లకద్దుకుని ముద్ద కలిపింది. తల్లీ, ఇద్దరు పిల్లలూ తినడం మాని ఆవిడ నోటివైపే చూస్తున్నారు.

"ఉప్పు సరిపోయిందాండి?" అంది చిట్టెమ్మ.

సరిపోయిందమ్మా, అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. సత్యకుమారి ఆగి, పాపాయిని చూసింది.

"కొంచెం తక్కువైందమ్మా," అంది.

పాపాయి చటుక్కున లేచి ఉప్పు డబ్బా తెచ్చింది.