అరువు నిద్ర

పొద్దున్నే పాలు కాచడం, కూతురు చిట్టికి జడలు వెయ్యడం, అత్తగారి మాత్రలు తీసి పెట్టడం, భర్త యూనిఫాం ఇస్త్రీ చెయ్యడం, ఇవన్నీ కోడలి పనులు. అవయ్యాక బీకాం కాస్టింగ్ లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని బస్సెక్కి కళ్ళద్దాల షాపుకి వెళ్ళేది. సీటు దొరికితే కాగితం మీద లెక్కలు చేసేది, దొరక్కపోతే కడ్డీ పట్టుకుని నిలబడి మనసులో చేసేది. సాయంత్రం కాలేజీ. ఇంటికొచ్చాక అంట్ల గిన్నెలు, ఆ తర్వాత మళ్ళీ పుస్తకం. మరి ఆమె ఎప్పుడు పడుకునేది అంటే, పడుకునేది కాదు. ఆమె బదులు అత్తగారు పడుకునేది.

మధ్యాహ్నం భోజనం అవగానే ఆవిడ కోడలి దిండు తెచ్చుకుని, దాని మీద తల పెట్టి, గోడవైపు తిరిగేది. ఇంట్లో ఆవిడ గురక మొదలవగానే షాపులో కోడలి కళ్ళమంటలు తగ్గేవి. ఒక కప్పు కింద ఉండేవాళ్ళు ఒకరి బదులు ఒకరు పడుకోవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. పిల్లల నిద్ర మాత్రం ఎవరూ వాడుకోరు. పెద్దవాళ్ళ నిద్ర పలచన, రెండు గంటలు పడుకుంటే గంటకు అక్కరకొస్తుంది. పైగా ఎవరి నిద్ర వాడుకుంటే వాళ్ళ గుణం కాస్త అంటుకుంటుంది, మళ్ళీ ఇంకొకరు పడుకునేదాకా వదలదు.

అందుకే కోడలు అద్దాల ఫ్రేము కాడ వేడిచేసి, చెవి వెనక సరిగ్గా కూర్చునేలా వంచుతూ, తండ్రి వయసున్న ఆయన్ని పట్టుకుని, "పక్కకి పడుకుని టీవీ చూస్తే కాడలు వంకరపోక ఏమవుతాయి నాయనా?" అని గదమాయించి, వెంటనే నాలిక్కరుచుకునేది. గల్లాపెట్టె దగ్గర యజమాని కిసుక్కున నవ్వేవాడు.

"మీ అత్తగారు ఇవాళ గట్టిగా పడుకున్నట్టున్నారే అమ్మా."

"మధ్యాహ్నం కూర బాగా కుదిరిందేమోనండీ," అనేది కోడలు.

ఇంకో సంగతి ఉంది. ఎవరి బదులు పడుకుంటే వాళ్ళ కలే వస్తుంది. ఆ కల గురించి చెప్పకూడదు, అడగకూడదు. ఎదురింటి కిటికీలోకి పొరపాటున చూపు పడితే తల తిప్పుకుంటాం కదా, అలాగే ఊరుకోవాలి. అత్తగారూ ఊరుకునేది. కాకపోతే ఈ మధ్య లేచాక చాలాసేపు మంచం మీదే కూర్చుంటోంది. కొడుకు డ్యూటీ దిగి ఇంటికొస్తే వాడి మొహంలోకి అదోలా చూస్తోంది.

కోడలికి డిగ్రీలో మిగిలింది ఆ ఒక్క కాస్టింగ్ పేపరే. రెండుసార్లు తప్పింది. లెక్కలు రాక కాదు. మొదటిసారి చిట్టికి ఒళ్ళు కాలిపోతోందని కబురొస్తే సగంలో లేచొచ్చింది. రెండోసారి ఇంటికి చుట్టాలొచ్చి కూర్చున్నారని తెలిసి లేచొచ్చింది. ఇది మూడోసారి. పాత సిలబస్ వాళ్ళకి ఇదే ఆఖరు అవకాశమని కాలేజీలో ఖరాఖండిగా చెప్పేశారు. ఈసారి కూడా పోతే ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే, మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక తనకు లేదని ఆమెకు బాగా తెలుసు.

ఇక భర్త. బస్సు డ్రైవరు. అరవడు, తాగడు, జీతం ఇంటికి తెస్తాడు. అతనిలో లోపమల్లా ఒక్కటే, పెళ్ళాం సరే అంటే నిజంగానే సరే అనుకుంటాడు.

"శనివారం ఇల్లు మారిపోదాం. లారీ మాట్లాడేశాను," అన్నాడు ఓ సాయంత్రం బూట్లు విప్పుకుంటూ.

"శనివారమా? ఆ రోజే కదండీ నా పరీక్ష."

"మధ్యాహ్నం కదా. పొద్దున్న మూటలు కట్టేద్దాం. నువ్వెళ్ళి ఓ గంట రాసి వచ్చెయ్. పాసవడానికి గంట చాలదా ఏంటి?"

"మూడు గంటల పేపరు."

"తెలిసినవి రాసెయ్, తెలియనివి వదిలెయ్. ఎంతసేపు కూర్చుంటే మాత్రం తెలియనివి తెలుస్తాయా? ఈ లారీ వదిలితే మళ్ళీ దొరకదు."

కోడలు చిట్టి జడ చివరిదాకా విప్పింది. తర్వాత "సరే" అంది. ఆ మాట వంటింట్లో ఉన్న అత్తగారి చెవిన పడింది. ఆవిడ చేతిలో చెంబు కాస్త గట్టిగానే కింద పెట్టింది.

శుక్రవారం భర్తకు సెలవు. మధ్యాహ్నం అతను గిన్నెలకి పాత పేపర్లు చుట్టి అట్టపెట్టెలో సర్దుతుంటే, తల్లి కోడలి దిండు తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇవాళ నాకు నిద్ర పట్టట్లేదు. దాని బదులు నువ్వు పడుకో."

"ఇంత పని పెట్టుకుని నన్ను పడుకోమంటావేంటమ్మా?"

"రేపు దానికి పరీక్ష. కళ్ళు మూతలు పడుతుంటే ఏం రాస్తుంది? డిపోలో ఒక కప్పు కింద ఉన్నామని అడిగినవాళ్ళందరి బదులూ పడుకుంటావట కదా. పెళ్ళాం బదులు పడుకుంటే నామోషీనా?"

నిజానికి ఆవిడకి నిద్ర పట్టని రోజు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. కూరగాయలు తరుగుతూ కూడా కునుకు తీయగలదు. కొడుక్కి ఆ అనుమానం రాలేదు. గొణుక్కుంటూనే దిండు మీద తల పెట్టాడు.

డిపోలో తోటి డ్రైవర్ల బదులు పడుకున్నప్పుడల్లా అతనికి రోడ్లే కనబడేవి. ఇప్పుడు పెద్ద హాలు కనబడింది. వరసగా బల్లలు. అతను ఒక బల్ల ముందు కూర్చుని ఉన్నాడు, చేతులకి తన భార్య గాజులున్నాయి. పేపర్లో ప్రశ్నలన్నీ తెలిసినవే. ఎంత సంతోషం వేసిందంటే, కలం దానంతటదే పరిగెత్తింది. నాలుగు లైన్లు రాశాక ఎందుకో తలెత్తి చూశాడు. గుమ్మంలో తనే నిలబడి ఉన్నాడు, యూనిఫాంలో. "అయిందా? రా, పోదాం," అంటున్నాడు నవ్వుతూ. వెంటనే తను బల్ల ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ నాలుగు లైన్లు. మళ్ళీ గుమ్మంలో తనే, ఈసారి చంకలో చిట్టి. తర్వాత తనే, పక్కన గ్యాస్ బండ తెచ్చినవాడు. ఎన్నిసార్లయినా అదే నవ్వు, అదే మాట. గుమ్మంలో నిలబడ్డ తను కసిరినా బాగుండేది అనిపించింది అతనికి. లేచిన ప్రతిసారీ ఆమె మనసులో కోపమేమైనా ఉందేమోనని వెతికాడు. లేదు. చీకటిపడితే లైటు వేసినంత మామూలుగా లేస్తోంది. అది తట్టుకోలేక మెలకువ తెచ్చుకున్నాడు.

తల్లి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మా, రోజూ నీకు వచ్చేది కూడా..."

"కలల సంగతి అడక్కూడదు," అంది ఆవిడ. లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అతను గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపటికి మళ్ళీ అదే దిండు మీద తల వాల్చి, సాయంత్రం దాకా లేవలేదు.

శనివారం పొద్దున్న కోడలు మూటలు కట్టబోతే, భర్త ఆమె చేతిలో తాడు లాగేసుకున్నాడు.

"ఇదంతా నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి చదువుకో."

ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. చెబితే కల సంగతి బయటపెట్టినట్టవుతుందని మింగేశాడు. కోడలికి సంతోషంగానే ఉంది, కానీ గంటలో రావాలన్న మాట అతను వెనక్కి తీసుకోలేదు కదా. మనసులో ఆ గంట అలాగే ఉంది.

పరీక్ష హాల్లో ఆమె రాయడం మొదలుపెట్టింది. కళ్ళు తేటగా ఉన్నాయి. గంట అయ్యేసరికి బయట ఎక్కడో లారీ హారన్ మోగింది. అలవాటు ప్రకారం కలానికి మూత పెట్టేసింది. లేవబోయింది. ఒళ్ళు లేవలేదు. నొప్పీ లేదు, తిమ్మిరీ లేదు, కూర్చున్నచోట ఒళ్ళు హాయిగా సర్దుకుని ఉంది. రెండుసార్లు ప్రయత్నించాక ఆమెకు అర్థమైంది. ఇవాళ తన ఒంట్లో ఉన్నది అత్తగారి నిద్ర కాదు. ట్రిప్పు పూర్తయ్యేదాకా సీటు దిగని మనిషి నిద్ర. అతను తన బదులు పడుకున్నాడన్నమాట. ఆ సంగతి ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని కలం మూత తీసి, తర్వాతి లెక్క మొదలుపెట్టింది.

హారన్ కొట్టిన లారీ వాళ్ళదే. కాలేజీ గేటు ముందు ఆగి ఉంది. పైన మంచాలు, బీరువా, తలకిందులుగా కట్టిన కుర్చీలు, బట్టల మూటలు. మొత్తం ఇల్లంతా వీధిలో నిలబడి ఉంది. ముందు సీట్లో అత్తగారు నోరు తెరుచుకుని నిద్రపోతోంది, ఎవరి కోసమో కాదు, తన కోసమే. లారీ నడిపే అతను మళ్ళీ హారన్ మీద చెయ్యి వేస్తే, భర్త ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గంట అన్నారు కదండీ," అన్నాడు లారీ అతను.

"అన్నాను. తప్పు చెప్పాను."

ఇంతలో కాలేజీ వాచ్‌మన్ వచ్చి లారీని ఎగాదిగా చూశాడు. పాపం, జాలిపడ్డాడు.

"లోపల మీవాళ్ళున్నారా? నంబరు చెప్పండి, గుమ్మం దాకా వెళ్ళి పిలుస్తాను. వచ్చేస్తారు."

వచ్చేస్తుందని అతనికి తెలుసు. పిలిస్తే చాలు, లేచి వచ్చేస్తుంది.

"వద్దండీ. పిలవొద్దు," అన్నాడు. మళ్ళీ చెప్పాడు. "ఎవరినీ పిలవనివ్వకండి."

పరీక్ష రాసిన పిల్లలు ఒక్కొక్కళ్ళే బయటికి రావడం మొదలైంది. ప్రతి మొహాన్నీ చూసి, ఆమె కాదని తెలిసినప్పుడల్లా అతనికి ప్రాణం కుదుటపడుతోంది. చంకలో చిట్టి విసుగెత్తి అతని చొక్కా గుండీ లాగింది.

"నాన్నా, అమ్మ ఇంకా ఎప్పుడొస్తుంది?"

"రాయడం అయ్యాక," అన్నాడు.