దారి మీద ఆవం

ఎవడబ్బ సొమ్మని తవ్వుతున్నట్టు? పొక్లెయిన్ పళ్ళు ఎర్రమెట్టలోకి దిగుతుంటే వెంకటదుర్గ కడుపు రగిలిపోయింది. కుమ్మరిపేట తరతరాలుగా కుండలు చేసుకు బతికింది ఆ మట్టితోనే. కాంట్రాక్టరు చంద్రరావు దాన్ని లారీలకెత్తి రొయ్యల చెరువుల గట్లకి పోస్తున్నాడు. అడ్డం వెళ్ళిన ఆమె మామ రాముణ్ణి అతని మనుషులు తట్టతో సహా గోతిలోకి గెంటేశారు.

సాయంత్రం పేటంతా ఆమె వాకిట్లో చేరింది.

“కలెక్టరుగారికి ఇంకో అర్జీ పెడదామమ్మా,” అన్నాడు రాముడు, మోచేతి దెబ్బకి పసుపు అద్దుకుంటూ.

“ఎన్ని పెట్టాం మావా? మెట్ట అయిపోయాక వత్తే సారె మీద ఏం పెట్టి తిప్పుతాం, ఆయన సంతకమా?”

“మరేం సేద్దామంటావ్?”

“రేపు కుండలు కాల్చే ఆవం పెట్టాలి కదా. లారీల దారి మీదే పెడదాం.”

ముట్టించిన ఆవాన్ని, దానంతటది చల్లారేదాకా ఆ చుట్టుపక్కల ఎవరూ తాకరు.

తెల్లారేసరికి ఇంటింటి పచ్చికుండలూ దారికి చేరాయి. గడ్డి, పిడకలు పేర్చి, పైన మట్టి మెత్తి నిప్పంటించారు. వరి కోతలకి పోతున్న కూలీలు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

లారీ ఆగింది. “తొక్కించెయ్‌రా!” చంద్రరావు గావుకేక పెట్టాడు.

డ్రైవరు దిగి తాళాలు అతని చేతిలో పెట్టాడు. “కాలే ఆవాన్ని తొక్కించలేనండి. మా అక్క పెళ్ళికి అరివేణి కుండలు ఈవిడింటి నుంచే తెచ్చుకున్నామండి.”

చంద్రరావు ఫోను చేస్తే పోలీసులొచ్చారు, వెనకే ఫైరింజను. నీళ్ళు పడగానే ఆవం ఫెళఫెళా పగిలింది. పేట రెక్కల కష్టమంతా పెంకులై బురదలో కలిసింది.

“నోటికాడి కూడు మీద నీళ్ళు పోశారు కదరా!” వెంకటదుర్గ ఏడుస్తూనే ఎస్సై మీదికి వెళ్ళింది. ఆమెని ఈడ్చి జీపెక్కించారు.

జీపు కదిలింది. ఆమె వెనక్కి చూసింది. రాముడు తడి బూడిదని పారతో పక్కకి లాగుతున్నాడు. ఈ కబురు విన్న పక్కూరి కుమ్మర్లు బళ్ళ మీంచి తమ పచ్చికుండలు దింపుతున్నారు. కూలీలు గడ్డిమోపులు మోసుకొస్తున్నారు.

“నోర్మూసుకుని కూర్చో,” అన్నాడు కానిస్టేబులు.

ఆమె జీపులోంచి సగం బయటికి వంగి అరిచింది: “మావా! పెద్ద కుండలు అడుక్కెయ్యండి! ఈసారి గడ్డి ఇంకా దట్టంగా పేర్చండి!”