మూడోసారి అడిగాక

మంగళవారం పొద్దున్న నేను ఆఫీసుకి వెళ్ళేసరికి నా సీటు ఉండే చోట గోడ ఉంది.

కొత్త గోడ కాదు, పాతదే. సున్నం పెచ్చులు లేచి ఉంది. మధ్యలో మేకు, మేకుకి పదకొండేళ్ళ కిందటి క్యాలెండరు. ఎవరో చాలాకాలం తల ఆనించి కూర్చున్నట్టు నూనె మరక కూడా ఉంది. ఇటు టైపు మిషను, అటు బీరువా. పద్దెనిమిదేళ్ళుగా ఆ రెంటి మధ్యా నేనుండేవాణ్ణి. ఇప్పుడు గోడ ఉంది.

మాది కాకినాడలో మోటారు పంపుల కంపెనీ. మేనేజరు దొరబాబు గారు వచ్చి నా పక్కన నిలబడి గోడని చూస్తారు. వేలు మడిచి రెండుసార్లు కొట్టి చూస్తారు.

"ఇక్కడ ముందు నుంచీ గోడేనండీ సాంబమూర్తి గారూ."

"మరి పద్దెనిమిదేళ్ళు నేనెక్కడ కూర్చున్నానండీ?"

"మేమూ అదే ఆలోచిస్తున్నామండీ. మీకేవైనా గుర్తొస్తే ఓ ఫోను కొట్టండి."

దొరబాబు గారు మర్యాదస్తులు. మధ్యాహ్నం నాకు శాలువా కప్పి, గోడ ముందు నిలబెట్టి ఫొటో తీయిస్తారు. ఫొటోలో గోడ చాలా బాగా పడుతుంది.

శాలువా స్కూటరు డిక్కీలో పెట్టి, రోజూలాగే ఆరింటికి ఇంటికి వెళ్తాను. మా ఆవిడ హైమ గుమ్మంలోనే క్యారేజీ అందుకుంటుంది.

"ఆఫీసెలా ఉంది?"

"బాగానే ఉంది."

ఉద్యోగం పోయిన ఇంటికి చుట్టాలు రాకూడదు. వస్తే చెప్పులు విప్పుతూనే ఆఫీసు సంగతి అడుగుతారు. అందుకని హైమతో, "కొన్నాళ్ళు ఎవర్నీ పిలవకు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది," అంటాను.

"మీ ఆఫీసులో పనికీ మా పిన్ని రావడానికీ సంబంధం ఏవిటండీ?"

"ఉంటుంది."

హైమ నన్ను కాసేపు చూసి సరే అంటుంది. మర్నాటి నుంచి మా హాలు సన్నబడడం మొదలవుతుంది.

మొదటి వారం టీపాయ్ తీసేస్తాం. రెండో వారం సోఫాలో కూర్చుంటే నా మోకాళ్ళు టీవీకి తగులుతున్నాయి. వార్తలు చదివే అమ్మాయి ఇబ్బందిగా కొంచెం వెనక్కి జరుగుతుంది. మూడో వారానికి వంటింట్లోకి పక్కకి తిరిగి నడుస్తున్నాం. ఈ విషయం మేం మాట్లాడుకోం. దారిలో ఎదురైతే "మీరు ముందు", "పర్లేదు, నువ్వు వెళ్ళు" అనుకుంటాం, అంతే. మా మధ్య ఇంత మర్యాద ఎప్పుడూ లేదు.

షోకేసు మాత్రం తగ్గడం లేదు. అందులో లెమన్ సెట్టు ఉంది. ఓ జగ్గు, ఆరు గ్లాసులు. ఒక్కో గ్లాసు మీద మూడేసి నిమ్మకాయల బొమ్మలు. మా పెళ్ళికి ఎవరో ఇచ్చారు. ఎవరైనా గొప్పవాళ్ళు వస్తే తీద్దామని ఇరవై రెండేళ్ళుగా ఉంచాం. గొప్పవాళ్ళు వచ్చారు. "మరీ అంత గొప్పవాళ్ళు కాదులెండి," అని హైమ స్టీలు గ్లాసుల్లోనే ఇచ్చింది.

రోజూ ఎనిమిదీ నలభైకి క్యారేజీ పట్టుకుని బయల్దేరతాను. పార్కులో బెంచీ మీద కూర్చుంటాను. పన్నెండున్నరకి తింటాను. తిన్నాక ఏం చెయ్యాలో తోచక కుళాయి దగ్గర నాలుగు గిన్నెలూ మట్టి వేసి తోముతాను. పక్క బెంచీల మీద టక్ చేసుకున్నవాళ్ళు మరో ఏడుగురు ఉన్నారు. అందరి క్యారేజీలూ తళతళలాడుతున్నాయి. ఎవరం ఎవర్నీ పలకరించుకోం. అందరం ఆఫీసులో ఉన్నాం కదా.

ఓ రోజు పార్కు గేటుకి కాగితం అంటించి ఉంటుంది. *చుట్టాలు కావలెను. వెంటనే చేరాలి.*

అడ్రసు పట్టుకుని వెళ్తే పాత బియ్యం గోడౌను మేడ మీద ఒక గది. అందులో వీరవేణి మేడం. మేడం ముందు టేబులు లేదు, సోఫా ఉంది. సోఫా మీద క్రోషా గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు.

"ఊళ్ళో హాళ్ళన్నీ తగ్గిపోతన్నాయండీ," అంటుంది. "ఎవరింటికీ ఎవరూ వెళ్ళట్లేదు. పూర్తిగా మూసుకుపోయిందనుకోండి, వంటింటి వైపు ఉన్నోళ్ళు అటే, గుమ్మం వైపు ఉన్నోళ్ళు ఇటే. మళ్ళీ కలవడం ఉండదు. సరైన చుట్టం ఒకరు వచ్చి వెళ్తే హాలు రెండడుగులు పెరుగుద్ది. తీసుకోండి, చేగోడీలు."

నేను ఒకటి తీసుకుంటాను. మేడం పెన్ను మూసేస్తుంది.

"అడగ్గానే తీసేసుకున్నారేంటండీ? మీరసలు ఎవరింటికన్నా వెళ్ళారా ఎప్పుడన్నా?"

"ఇది ఇంటర్వ్యూ అనుకున్నానండీ."

"ఇదే ఇంటర్వ్యూ. పెట్టగానే తినేవోణ్ణి చుట్టం అనరండీ, ఇంట్లో మనిషంటారు. ఇంట్లో మనుషుల వల్ల హాళ్ళు పెరగవు. చుట్టమన్నాక రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగాక, 'మీరింతగా అంటున్నారు కాబట్టి' అని తీసుకోవాలి. గోడలు జరిగేది ఆ మధ్యలోనే."

సగం కొరికిన చేగోడీ ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చుంటాను. మేడానికి ఆ మొహమాటం నచ్చుతుంది. ఉద్యోగం ఇస్తుంది.

మొదటి డ్యూటీ కృపావరం మాస్టారిది. ఒకప్పుడు డ్రాయింగు టీచరు, ఇప్పుడు ఒక్కరే ఉంటున్నారు. ఆయన హాలు ఎంత సన్నగా ఉందంటే, స్కూటరు మీద కూర్చున్నట్టు ఒకరి వెనక ఒకరం కూర్చుంటాం. నేను వెనక సీటు. కాఫీ అంటే వద్దంటాను. కనీసం టీ అంటే అస్సలు వద్దంటాను. "మా ఇంటికొచ్చి ఊరికే వెళ్తారా, బాగుందండీ!" అని ఆయన కోప్పడతారు. మీరింతగా అంటున్నారు కాబట్టి, అంటాను. గోడ మూలిగి వెనక్కి జరుగుతుంది. బంగారు అంచు ఉన్న కప్పు బయటికొస్తుంది. దాని అడుగున షాపు స్టిక్కరు ఇంకా ఉంది.

"ఆఫీసెలా ఉందండీ?" అని అడుగుతారు మాస్టారు.

"పోయిందండీ, గోడైపోయింది," అంటాను. నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకే తెలీదు.

"అయ్యో! మా స్కూలూ అంతేనండీ, మెట్లు మాత్రం మిగిలాయి. ఎక్కితే మళ్ళీ కిందికే వస్తాం," అంటారు ఆయన. ఇద్దరం కాఫీ తాగుతాం.

క్రమంగా పని అలవాటవుతుంది. రోజుకి నాలుగిళ్ళు. ఫ్రిజ్ మీద కుట్టిన గుడ్డ ఎవరు కుట్టారని అడగాలి. పిల్ల పద్యం చెబితే పూర్తిగా వినాలి. రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగినందుకు మెచ్చుకోవాలి. లేచాక గుమ్మంలో పది నిమిషాలు, మెట్ల మీద ఐదు, గేటు దగ్గర ఇరవై నిమిషాలు మాట్లాడాలి. అసలు సంగతులన్నీ గేటు దగ్గరే వస్తాయి. నా చేతిమీదుగా ఊళ్ళో పద్దెనిమిది హాళ్ళు పెరుగుతాయి. నా పొట్ట కూడా. క్యారేజీ నిండుగా తీసుకెళ్తే హైమకి అనుమానం వస్తుందని సాయంత్రం పార్కులో అది కూడా తిని, తోముతాను.

మా హాలు మాత్రం తగ్గుతూనే ఉంది. హైమ జడ వేసుకుంటుంటే మోచేతులు రెండు గోడలకీ తగులుతున్నాయి.

"సొంతింటికి చుట్టంగా వెళ్ళచ్చాండీ?" అని మేడాన్ని అడుగుతాను.

"ఆ ఇంటోళ్ళు అడగాలండీ. మనంతట మనం వెళ్తే దాన్ని ఇంటికెళ్ళడం అంటారు."

శుక్రవారం మేడం ఇచ్చిన నాలుగో డ్యూటీ చీటీ మీద మా ఇంటి నంబరు ఉంది. *ఇంటావిడ: హైమావతి. హాలు: తొమ్మిదంగుళాలు. అర్జెంటు.*

"తెలిసినోళ్ళా?" అంటుంది మేడం.

"కొద్దిగా," అంటాను.

డిక్కీలోంచి శాలువా తీసి భుజాన వేసుకుంటాను. ఉత్త చేతులతో వెళ్ళకూడదని అరడజను కమలాలు కొంటాను. తోమేసిన క్యారేజీ కూడా చేతిలోనే ఉంది. నాలుగున్నరకి మా ఇంటి బెల్లు నొక్కుతాను. ఇన్నేళ్ళలో ఈ బెల్లు ఎలా మోగుతుందో బయటి నుంచి వినడం ఇదే మొదటిసారి. పిట్ట కూతలా ఉంది. బాగుంది.

హైమ పట్టుచీర కట్టుకుని తలుపు తీస్తుంది.

"రండి రండి. ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదండీ."

"పర్లేదండీ, నాకేం తొందర లేదు."

ఇద్దరం గోడకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, పక్కపక్కన నిలబడతాం. కమలాలు పట్టక ఒక్కొక్కటే చేతులు మారుతున్నాయి.

"మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను."

"పోనీ నిమ్మకాయ నీళ్ళు?"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ."

"శ్రమేముంది? ఎండన పడి వచ్చారు, అలా వెళ్ళిపోతే ఆయన నన్ను తిడతారు."

"మీరింతగా అంటున్నారు కాబట్టి..."

గోడ మూలుగుతుంది. సోఫా పట్టేంత చోటు వస్తుంది. కూర్చుంటాను. హైమ పమిట కొంగుతో చెయ్యి తుడుచుకుని షోకేసు తెరుస్తుంది. జగ్గు తీస్తుంది. ఒక గ్లాసు తీస్తుంది. నాకు అందించినప్పుడు చూస్తే గ్లాసు మీద రెండు నిమ్మకాయలే ఉన్నాయి. మూడోది పిండేసింది.

"ఇవి దాచుకున్నవి కదండీ?" అంటాను.

"ఎవరికోసం దాచామో మర్చిపోయామండీ," అంటుంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. "మీతో ఓ మాట చెప్పాలి. మా ఆయనకి ఉద్యోగం పోయింది."

నేను గ్లాసులోకి చూస్తాను. "ఆయన చెప్పారా?"

"క్యారేజీ చెప్పింది. పద్దెనిమిదేళ్ళలో ఒక్కనాడూ కడిగి తెచ్చిన పాపాన పోలేదండీ ఆ మనిషి. మూత కూడా సరిగ్గా పెట్టరు, సంచీ అంతా పులుసే. ఇప్పుడు తెస్తున్నారు చూడండి, అందులో నా మొహం కనబడుతోంది. నా మొహం చూసుకుని నాకే భయమేస్తోంది."

"అడగకపోయారా?"

"అడిగాను. ఆఫీసెలా ఉంది అంటే బాగానే ఉంది అన్నారు. ఇంకోనాడు అడిగినా బాగానే ఉంది అన్నారు. మూడోసారి అడగడానికి ధైర్యం చాల్లేదు. మూడోసారి అడిగితే చెప్పేస్తారు కదండీ."

"చెబితే?"

"చెబితే చెబుతారు. అప్పుడు నేను ఏడవకూడదు. ఆయన బెంబేలు పడతారు. ఏడవకుండా వినడం ప్రాక్టీసు చేస్తున్నాను, వంటింట్లో, కుక్కరు ముందు."

"అయిందా?"

"ఏవిటి?"

"ప్రాక్టీసు."

"నిన్నటితో అయింది."

కమలాలు ఒళ్ళో పెట్టుకుని హైమ నా వైపు తిన్నగా చూస్తుంది. చుట్టాన్ని చూసినట్టు కాదు.

"ఆఫీసెలా ఉంది?"

"పోయింది హైమా. గోడైపోయింది."

"ఏ గోడ?"

"పాతదే. క్యాలెండరు కూడా ఉంది."

"ఊఁ," అంటుంది. ముక్కు మాత్రం కొంచెం ఎర్రబడుతుంది. మిగతా అంతా ప్రాక్టీసు చేసినట్టే చేస్తుంది. క్యారేజీ మూత తీసి లోపలికి చూసి, "ఇదీ తినేశారు. ఊళ్ళోవాళ్ళ కాఫీలన్నీ తాగి మళ్ళీ ఇదీ. ఆ పొట్ట చూడండి. అన్నం తింటారా?" అంటుంది.

"పెట్టు."

అనేశాక తెలుస్తుంది. అడిగింది ఒక్కసారే. కళ్ళు మూసుకుంటాను. ఇక ఈ ఉద్యోగమూ పోతుంది, హాలు మూసుకుంటుంది, హైమ వంటింటి వైపు, నేను గుమ్మం వైపు.

గోడలు మూలగవు. మనింట్లో మనిషి లేచి తలుపు తీసినంత మామూలుగా వెనక్కి వెళ్తాయి. రెండడుగులు, పదడుగులు. టీపాయ్ తిరిగి వస్తుంది. వార్తలు చదివే అమ్మాయి కాళ్ళు చాపుకుంటుంది. హాలు బాల్కనీ దాటి, ఎదురింటివాళ్ళ ట్యాంకు కిందుగా సాగుతుంది. ఆగడం లేదు.

బాగా దూరంలో, హాలు చివర, ఒక టైపు మిషను కనబడుతుంది. ఓ బీరువా. ఆ రెంటి మధ్యా ఒకాయన మాకు వీపు పెట్టి కూర్చుని ఏదో రాస్తున్నారు. గళ్ళ చొక్కా. వెనక్కి వాలినప్పుడల్లా తల గాలిలో ఒకేచోట ఆనుతోంది. అక్కడ నూనె మరక ఉంది.

"ఎవరండీ ఆయన?" అంటుంది హైమ.

"నేనే. పద్దెనిమిదేళ్ళూ ఇక్కడే కూర్చున్నట్టున్నాను."

"ఇన్నేళ్ళూ మనింట్లోనే ఉండి, పలకరించనైనా లేదు చూశారా!"

దొరబాబు గారికి ఫోను చెయ్యాలి, సీటు దొరికిందని. తర్వాత చేస్తాను.

హైమ రెండో గ్లాసు నింపుతుంది. దాని మీద నిమ్మకాయ ఒకటి మాయమవుతుంది. ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని, హాలు పొడుగునా నడిచి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ బొమ్మంత అవుతుంది, తర్వాత చెంచా అంత. ఆయన పక్కన నిలబడి ఏదో అడుగుతుంది. మాట నా దాకా రావడానికి కాస్త టైము పడుతుంది.

"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను," అంటారాయన, తల ఎత్తకుండా.

హైమ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటుంది. కొంగు సర్దుకుంటుంది. ఇంకా రెండుసార్లు అడగాలి. నేను షోకేసు దగ్గరికి వెళ్ళి మిగిలిన నాలుగు గ్లాసులూ తోమడానికి తీస్తాను.