గెడ్డకూడలి నలువది యడుగులు

నలువది యడుగులు నడచుటకు ఒక స్త్రీకి ఇరువదిరెండు నిమిషము లేల పట్టెను? ఈ ప్రశ్న వరుణాపుర నగర రవాణామండలివారి యెదుట వ్రాతమూలముగ నుంచబడి పదునాలుగు మాసము లైనది. ఉత్తరము నేటికిని రాలేదు.

ఆషాఢమేఘములు సముద్రముమీదినుండి గుంపులుగట్టి వచ్చి కొండల మెడలకు తగుల్కొని కదలజాలక నిలిచిన యొక తడి యుదయమున, నౌకాశ్రయదీపములు ధూమమలినములై యొకటొకటిగ మలగుచుండ, పొంగిన గెడ్డవాగు బురదనీటిని రాజమార్గముపై వెదజల్లుచుండ, కూడలి నడుమ నైదేండ్లక్రిందట వంతెనతోపాటు లేచిన ఆరడుగుల యెత్తు కాంక్రీటుగోడ యిరుప్రక్కల జనమును ఒండొరుల మొగములు చూడనీయక నిశ్చలమై నిర్దయమై నిలిచియుండెను.

ఆ గోడకు తూర్పుదిక్కున పైడమ్మ యను నలువదియెనిమిదేండ్ల యిస్త్రీపనిది తొలిబస్సు దిగెను. మూత్రపిండములు రెండును చెడిన ఆమెకు వారమునకు రెండుమారులు ఉదయ మేడుగంటలకు జిల్లా వైద్యశాలయందు రక్తశుద్ధి జరుగవలెను; జరుగనినాడు ఒడలు నీరుపట్టి యూపిరి యాడదు. అక్షరము లెఱుగని యామె చేతిలోని సెల్‌ఫోనునుండి మండలివారి ప్రయాణసూచి మధురస్వరమున "ఎదుటి నిలుపుదలకు నలువది యడుగులు నడువుము, ఒక నిమిషము" అని పలికెను. ఎదుట గోడ యుండెను. ఆమె గోడవెంబడి పోయి వంతెనక్రింది మోకాటిలోతు నీటిలో దిగి పన్నెండువందల యడుగులు చుట్టి యావలికి చేరునప్పటికి ఇరువదిరెండు నిమిషములు గడచెను. రెండవ బస్సు పోయియుండెను. ముమ్మారు వేళ తప్పినవారి పడక నిరీక్షించువారికి పోవుట యా వైద్యశాల నియమము. పైడమ్మకు అది రెండవమారు.

ఆమె యిస్త్రీబండి కెదురింటనే భాగవతుల హైమవతి నివసించుచుండెను. సర్వేకార్యాలయమున ముప్పదినాలుగేండ్లు పటములు గీచి విశ్రాంతి గొనిన యీమె యరువదినాలుగేండ్లది, మితభాషిణి, ఆగ్రహము వచ్చినపుడు కంఠస్వరమును పెంచక తగ్గించునది. పైడమ్మ వృత్తాంతము విని యామె మఱునాడే గెడ్డకూడలికి పోయి చూచెను. చూచిన పిదప నామెకు కారణము విశదమయ్యెను. మండలివారి పటము నెవ్వరును నడచి గీయలేదు. గదిలో కూర్చుండి రెండు నిలుపుదలలకు నడుమ గీటు గీచి యా గీటును కొలిచిరి. గీటునకు గోడ యడ్డు రాదు. మొదట చెప్పిన ప్రశ్నను నాడే వ్రాసి మండలివారికి పంపెను. నాటినుండి హైమవతి కంఠస్వరము మఱింత తగ్గెను.

పాతికేండ్లు కొలతగొలుసు పట్టినవారితో నెండలో తిరిగిన యలవాటు మరువక యామె, దారికొలతలు వ్రాసికొను క్షేత్రపుస్తకమును చేతబట్టి బయలుదేరెను. అది చదువరి సామాన్యముగ నెఱిగిన పుస్తకము కాదు. నడచువానికి ముందున్న దారి పుటపై మీదివైపున నుండవలెను గనుక దానిని అడుగుపంక్తినుండి పైకి వ్రాయుదురు. నడుమ దారి, ఎడమనున్నవి యెడమ, కుడినున్నవి కుడి. ఆ రీతిని నాలుగు మాసము లామె రెండువందల పదునొకండు నిలుపుదలలను కాలినడకను కొలిచి, ప్రతి బస్సుమార్పుకు పట్టు నడకను స్వయముగ నడచి, ఏ బస్సు కాగితముపై మాత్రమే తిరుగునో యేది తారుపై తిరుగునో వేఱుపఱచి వ్రాసికొనెను.

ఒకనాడు పైడమ్మ బొగ్గులపెట్టె దించి నవ్వెను.

"ఏటమ్మగోరూ, రోడ్డు కొలిసేత్తన్నారు? కొనేత్తారేటి?"

"కొనేవాళ్ళు కొలవరే పైడీ. కొలిచేవాళ్ళకి కొనే యోగం ఉండదు. మాట్లాడించకు, అడుగుల లెక్క తప్పుతుంది."

"నా గురించి ఇంత తిరుగుడేటమ్మగోరూ? ఈ కాళ్ళు ఎల్లకాలం ఉంటాయేటి?"

"కాళ్ళ సంగతి డాక్టరు చూస్తాడు. బస్సు సంగతి చూసేవాడే లేడు."

పిమ్మట హైమవతి, లోకులెల్లరు చేయివేసి గీచుకొన్న స్వేచ్ఛాపట మొకటి ఆధారముగ గొని, అరువదియొకటవ యేట పట్టుబట్టి నేర్చిన కంప్యూటరు విద్యతో స్వంత ప్రయాణసూచిని నిర్మించెను. బయలుదేరుచోటును చేరుచోటును చెప్పినచో అది యెక్కవలసిన బస్సును, దిగవలసిన నిలుపుదలను, నడువవలసిన యడుగులను పలుకును. అంతదాక కూలిడబ్బు ఆటోల పాలుచేసి వేళకు చేరుచున్న పైడమ్మకు గెడ్డకూడలిని విడిచి యంతకు ముందటి సంతవీధిలో దిగుమని చెప్పెను; అచ్చట రెండు బస్సులు నొకే చూరుక్రింద నాగును, నడక ముప్పదియొక్క యడుగు. ఆఱు మాసములు పైడమ్మ యొక్కనాడును వేళ తప్పలేదు. పేటలోని కూరగాయలవారు, దాదులు, మిల్లుపనివా రెల్లరు నా సూచినే యడుగ మొదలిడిరి.

అంతట మండలివారికి నిద్రాభంగమయ్యెను. ఉపసంచాలకుడు విరూపాక్షరావు హైమవతిని పిలిపించి, తెల్లని తువాలు పఱచిన కుర్చీనుండి లేవకయే యిట్లనెను.

"అమ్మా, మీ వయసులో ఇంట్లో కూర్చుని రామనామం రాసుకోవాలి. బస్సులు మీకెందుకు?"

"మీ సూచి నమ్ముకున్నవాళ్ళకి చివరికి రామనామమే మిగులుతోందండి. అందుకే వచ్చాను."

"అనుమతి లేని పటం నేరం కిందికి వస్తుంది. పరిశీలన పూర్తయ్యేదాకా మీ సూచి ఆపండి. ఆ పుస్తకం నకలు ఇచ్చి వెళ్ళండి."

ముప్పదినాలుగేండ్లు ప్రభుత్వాజ్ఞను శిరసావహించిన దేహము, బుద్ధి నిషేధించుచుండగనే నకలు నిచ్చివేసెను, సూచిని నిలిపివేసెను. నెల తిరుగక మునుపే మండలివారు నూతన ప్రయాణసూచిని వాద్యఘోషములతో నావిష్కరించి, తమ సిబ్బంది యెండకు వానకు నోర్చి ప్రతి నిలుపుదలను స్వయముగ కొలిచిరని పత్రికలయందు చాటించిరి. హైమవతి దానిని తెఱచి చూచెను. పన్నెండువందల యడుగులు. ముప్పదియొక్క యడుగు. ప్రతి యంకెయు తనది. ఆమె పెదవులపై నొక చల్లని నవ్వు మెఱసి మాయమయ్యెను.

అదే సమయమున సంతవీధిని మురుగుకాలువకై త్రవ్విరి. బస్సులు దారి మార్చుకొనెను; పైడమ్మ మరల గెడ్డకూడలియందే బస్సు మాఱవలసివచ్చెను. పైడమ్మ వచ్చి యడిగెను.

"రేపు ఏ పక్కన దిగాల, ఏ పక్కన ఎక్కాలమ్మగోరూ? మీది ఆపీసినారు కదా, ఆల్ల ఫోనుదాన్ని నమ్మమంటారా?"

"నమ్ము. వాళ్ళు దొంగిలించింది నా కొలతలే. అంకె ఒక్కటి కూడా తప్పలేదు."

అంకెలను చూచినది, ప్రక్కలను చూడలేదు. హైమవతి జీవితమున జేసిన పరిశీలనలయం దిది యొక్కటియే యసంపూర్ణము.

మఱునాడు పదిగంటలకు పైడమ్మ మొగ ముబ్బి, మాటకు మాటకు నడుమ నూపిరి వెదకికొనుచు మెట్లపై కూలబడెను.

"అది ఎడంపక్కన నిలబడమన్నాదమ్మగోరూ. బేగెల్లి నిలబడ్డాను. బస్సు గోడవతల ఎల్పోనాది. దాని నెత్తి ఒక్కటే అగుపడ్డాది."

అది మూడవమారు. పడక యింకొకరికి పోయెను. పైడమ్మ పేరు నిరీక్షించువారి పట్టికలో పదునేడవది యయ్యెను.

హైమవతి యామెను ఆటోలో పొరుగుజిల్లా వైద్యశాలకు గొనిపోయి, ఆ సాయంకాలము రక్తశుద్ధి చేయించి, తెల్లవాఱిన పిదప నేరుగ మండలి కార్యాలయమునకు పోయెను. క్షేత్రపుస్తకమును విరూపాక్షరావు బల్లపై విప్పి యుంచి, వినవలెనన్న ముందునకు వంగవలసినంత తగ్గుస్వరమున నడిగెను.

"దీన్ని తమరు ఏ వైపునుంచి చదివారు?"

"పైనుంచే. పుస్తకాన్ని ఎవరైనా పైనుంచే కదమ్మా చదువుతారు?"

"కొలిచినవాళ్ళు చదవరు. ఒక్క పూట గొలుసు మోసిన బంట్రోతు కూడా చదవడు. పైనుంచి చదివితే దారి వెనక్కి నడుస్తుంది, ఎడమ కుడి అవుతుంది. రెండువందల పదకొండు నిలుపుదలలూ రోడ్డుకి అవతలి పక్కకి మారిపోయాయి. ఎండలో వానలో స్వయంగా కొలిచిన మీ సిబ్బందిలో ఒక్కరిని పిలవండి. గెడ్డకూడలిలో ఆస్పత్రి బస్సు ఎక్కే చోటు గోడకి ఏ పక్కనుందో చెప్పమనండి."

విరూపాక్షరావు గంట మ్రోగించెను. ఎవ్వరును రాలేదు. ఆతడు పుస్తకమును మూసి, "అది సాంకేతిక లోపం. పరిశీలిస్తాం" అనెను.

"పరిశీలించేటప్పుడు పైడమ్మ పదిహేడో పేరని గుర్తుంచుకోండి. ఆ లోపంలో నా వంతు ఒకటుంది: మీరు దొంగిలించడమైనా సరిగ్గా చేసుంటారనుకున్నాను."

ఆ మధ్యాహ్నమే హైమవతి యాజ్ఞను ధిక్కరించి తన సూచిని మరల తెఱచెను. నేరమని తాఖీదు వచ్చెను. దానిని యిస్త్రీబండిపై మడతబట్టల నడుమ నుంచుమని పైడమ్మ చేతికిచ్చెను. పైడమ్మ యిప్పుడు మూడు బస్సులు మాఱి పొరుగుజిల్లాకు పోవుచున్నది. ఆ మూడు మార్పులను హైమవతి ముందుగ నడచి కొలిచినది. పాదములు వాచియే యుండును. వేళ తప్పుట లేదు. వరుణాపురమున మండలివారి సూచి మాత్రము నేటికిని ప్రతి యుదయమును జనులను గోడకు తప్పుడుప్రక్కన నిలువబెట్టి మధురస్వరమున శుభప్రయాణము పలుకుచున్నది.

పాఠకుడా, ఇంతవఱకు కూర్చుండి చదివితివి. ఇక లెమ్ము. నీ యింటి గడపనుండి నీ వూరి వైద్యశాల గడపవఱకు రేపటి యుదయమున బస్సుపై పొమ్ము. ప్రతి మార్పు కడను అడుగులు లెక్కించుము. గోడ యడ్డము వచ్చినచోట గోడ యని వ్రాయుము. కాగితమును క్రిందినుండి పైకి నింపి, మీ వూరి మార్గములకు పటము గీచిన యధికారి బల్లపై నుంచి, ఆ దారిని ఆతడు నడచిన దినము తేదీతో చెప్పుమని యడుగుము. చెప్పువఱకు అచ్చటనుండి కదలకుము.